ముత్తంగి ఏసీకి నేను కుట్టిన కవరు

తొమ్మిదేళ్లుగా ఒక రెక్జిన్ కవరు బరువు మోస్తున్నాను. తూకం వేస్తే కిలో కూడా ఉండదు. నేనే కొలత తీసి, నేనే కత్తిరించి, దబ్బనంతో నేనే కుట్టాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పుదే బరువంతా.

ఇంట్లో చెప్పలేను. చెబితే నా భార్య ఏ ముఖంతో నాకు అన్నం పెడుతుంది? అందుకే పేరు పెట్టని కాగితం మీద, నన్నెరగని మీకు చెబుతున్నాను. పిరికితనమే. అనండి, పడతాను.

నేను బడిలో చదివింది నాలుగో తరగతి. మిగిలినదంతా నాకు నేనే నేర్చుకున్నాను. గల్ఫ్‌లో ఆరేళ్లు ఉన్నాను. ఎడారి అంచున ఇళ్ల ఏసీలు కడిగే పని. ఇంగ్లీషు అక్షరాలు ఏసీ డబ్బాల మీదే నేర్చుకున్నాను. సర్టిఫికెట్లు మెడలో వేసుకుని తిరిగేవాళ్లకు తెలియని సంగతులు నాకు తెలుసు. ఇప్పటికీ ఒక్క కాగితం లేదు. ఉన్నవాడికి కుర్చీ వేస్తారు, నాకు నిచ్చెన చూపిస్తారు. ఆ కోపం నాలో చావలేదు, చచ్చేదాకా చావదు.

అక్కడ ఇసుక పిండిలా ఉంటుంది. మూసిన తలుపు సందులోంచి కూడా వస్తుంది. వారం వారం బయటి పెట్టె కడగకపోతే మధ్యాహ్నానికి లోపల మనుషులు ఉడికిపోతారు. మా మేస్త్రి మొదటి రోజే చెప్పాడు, ఏసీ బయటి పెట్టెకు ముందు నోరు, వెనక ముక్కు అని. వెనక నుంచి గాలి పీలుస్తుంది, ఇంట్లో వేడిని ముందు నుంచి ఊదేస్తుంది. ముక్కు ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను ఒక్కనాడూ మరిచిపోలేదు. నా తప్పంతా అక్కడే ఉంది.

తిరిగి వచ్చి మా ఊరు లక్డారంలో రేకుల షెడ్డు వేసి కూలర్లు చేశాను. మామ పోయాక అత్తమ్మ మా దగ్గరే ఉండేది. ఆమె కోసం ఒక కూలర్ ప్రత్యేకంగా చేశాను. మందపు రేకు, పెద్ద రెక్కలు, పక్కల గడ్డి మధ్యలో వట్టివేరు. నీళ్లు పడగానే గదంతా వాసన. ఎదురు కిటికీ ఎంత తెరవాలో గుర్తుగా గోడకు మేకు కొట్టాను. పదకొండు ఎండాకాలాలు ఆమె దాని ముందు పడుకుంది. వచ్చినవాళ్లకు చెప్పేది, ఇది మా అల్లుని గాలి అని. నా జీవితంలో నాకు దొరికిన బిరుదు అదొక్కటే.

ఇక నా షడ్డకుడు, అంటే నా భార్య అక్క భర్త. వాళ్లది ముత్తంగి. రింగు రోడ్డు పక్కన పొలం, అందులో గోదాములు లేచాయి. ఆయన ఒక్క స్క్రూ తిప్పి ఎరగడు. భూమి ఆయన్ను పైకి లేపింది. స్లాబు ఇల్లు వచ్చింది, చుట్టాల్లో మొదటి ఏసీ వచ్చింది. పెళ్లిళ్లలో పెద్దల్లుడు పెద్దల్లుడు అంటూ ముందు వరుసలో కూర్చోబెట్టేవాళ్లు. పందిట్లో కూలర్ ఆగితే మాత్రం నన్ను పిలిచేవాళ్లు.

ఆయన చెడ్డవాడైనా బాగుండేది. కాదు. నన్ను తమ్మీ అనేవాడు. తన ఏసీ మీద వేరే మెకానిక్ చెయ్యి పడనిచ్చేవాడు కాదు. మా తమ్ముడు ఎడారిల చేసిండు, గీడ ఎవనికి తెలుస్తది అని పదిమందిలో పొగిడేవాడు. అంత నమ్మకం నా మీద పెట్టి నాకు ద్వేషించే వీలు కూడా లేకుండా చేశాడు. చూడండి, ఇప్పటికీ నింద ఆయన మీదకే నెడుతున్నాను.

ఆ ఏడు అత్తమ్మ పదిహేను రోజులుంటానని ముత్తంగి పోయింది. నెల దాటింది. మా మనవరాలి పేరు పెట్టే నాడు మా ఇంటికి వచ్చి మధ్యాహ్నం కూలర్ ముందు కూర్చుంది. చుట్టూ చుట్టాలు. ఎవరో అడిగారు, ఏసీ ఎట్లుంటదమ్మా అని.

"చప్పుడే ఉండదు. ఈ కూలర్ ముందట పండుకుంటే లారీ పక్కకు పండుకున్నట్టే ఉంటది" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం వాళ్లు వెళ్లిపోయాక కూలర్ విప్పి మోటారుకు నూనె వేశాను. చప్పుడు తగ్గలేదు. పదకొండేళ్లు అంత చప్పుడు చేసిందా? ఆమె ఎందుకు ఒక్కసారైనా చెప్పలేదు? నా మీద ప్రేమతో ఓర్చుకుందా, వేరే దిక్కు లేక ఓర్చుకుందా? ఈ ప్రశ్నలు నన్ను తినేశాయి. అసూయ అంటే ఏదో మంట అనుకునేవాడిని. నాకైతే అది లెక్క తేలని ఆలోచనలా వచ్చింది, అన్నం తింటున్నా స్నానం చేస్తున్నా ఆగని ఆలోచనలా.

వారం తరువాత ముత్తంగి వెళ్లాను. లారీల దుమ్ము, ఫ్యాక్టరీల పొగ అంతా బయటి పెట్టె మీదే పడుతోందని, ఏదైనా కప్పితే బాగుంటుందేమోనని వదిన, అంటే షడ్డకుడి భార్య, అడిగింది. ఆ మాట ముందు ఆమె అంది. చాలా ఏళ్లు దీన్నే సాకుగా పట్టుకున్నాను. ఆమె అడిగింది, నేను కుట్టాను, అంతే కదా?

అంతే అయితే ఆ కవరు అలా కుట్టి ఉండను. ఏమీ తెలియనివాడు మొత్తం మూసేస్తాడు. నేను ముందు ఫ్యాను తిరిగే చోట గుండ్రంగా కిటికీ కోశాను. అంచు మడిచి కుట్టాను. చూడగానే తెలివైనవాడి పని అనిపించాలి. వెనక, గాలి పీల్చే చోట, రెండు పొరల రెక్జిన్ వేసి మూశాను. గోడ వైపు ఉండేది కాబట్టి ఎవరికీ కనబడదు. కింద తాడు లాగి బిగించాను. షడ్డకుడు నిచ్చెనెక్కి చూసి మురిసిపోయాడు. అంగీ తొడిగినట్టున్నది తమ్మీ, అన్నాడు.

ఏసీ చెడిపోవాలని అనుకోలేదు. ఏమనుకున్నాను మరి? మధ్యాహ్నం కాస్త ఉక్కపోస్తే అత్తమ్మకు నా కూలర్ గుర్తొస్తుందని. అల్లుని గాలే మేలని ఆ నలుగురిలోనే ఒక్కసారి అంటే చాలని.

పెట్టె పడమటి గోడకు ఉంది. మధ్యాహ్నం ఎండ దాని మీదే. ఊపిరాడక పెట్టె కాగిపోయి తనంతట తానే ఆగేది. లోపల ఫ్యాను తిరిగేది, వచ్చేది వట్టి గాలి. పొద్దు వాలి చల్లబడితే మళ్లీ నడిచేది. వాళ్లింట్లో ఏసీ గది ఒక్కటే. రాత్రి ముగ్గురూ అందులోనే పడుకుంటారు, అప్పుడు ఏ లోపమూ ఉండదు. పగలు అత్తమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమె చెబితే కూతురు వచ్చి పైకి చూసి, గాలి వస్తనే ఉంది కదమ్మా అనేది. దీన్నుంచి ఏం పుడుతుందో నేను ఊహించలేదు. నిజంగా ఊహించలేదు. కానీ పుట్టాక చూశాను.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అత్తమ్మ మంచం మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. వదిన వంటింట్లో ఉంది.

"అల్లుడా, తలుపు దగ్గరికెయ్యి" అంది. వేశాను.

"నువ్వు గల్ఫుల చేసినోనివి. నీకు తెలుస్తది. ఇది దానంతట అదే బందైతదా, ఎవలన్న బంద్ చేస్తరా?"

"ఎందుకట్ల అడుగుతున్నవ్ అత్తమ్మా?"

"వాళ్లు పండుకున్నప్పుడు మంచిగనే నడుస్తది. నేనొక్కదాన్నుంటే బందైతది. ముసల్దానికి పగటీలి ఏసీ ఎందుకనుకుంటున్నరేమో."

అప్పుడు నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. కవరు సంగతి కూడా చెప్పనక్కర్లేదు. ఎండకు ఆగుతోంది, నేను చూస్తాను అంటే చాలు. ఆమె నా ముఖంలోకి చూస్తోంది. ముత్తంగికి వచ్చాక నన్నంత సేపు చూడటం అదే మొదలు. ఆ చూపు నాకు నచ్చింది. ఇది రాయడానికి సిగ్గేస్తోంది.

"మిషను దానంతట అదెందుకు బందైతది అత్తమ్మా" అన్నాను.

ఆమె విసురుకోవడం ఆపింది.

"సరే. నన్ను మీ ఇంటికి తీస్కపో" అంది.

మీ ఇంటికి అంది. మన ఇంటికి అనలేదు. గెలిచిన ఆ నిమిషంలో కూడా ఆ ముక్క నాకు గుచ్చుకుంది.

కూతురికి కారణం చెప్పలేదు. ఈడ నాకు పడ్తలేదు అని మాత్రం అంది. వదిన పెరుగన్నం డబ్బా పట్టుకుని గేటు దాకా వచ్చింది. ఆటోలో అత్తమ్మ అటు తిరగలేదు. డబ్బా నేనే అందుకున్నాను.

నాలుగు రోజులకే ముత్తంగి వెళ్లి, కడిగే నెపంతో కవరు వెనక భాగం కత్తితో నిలువునా కోసేశాను. పశ్చాత్తాపం అనుకునేరు. భయం. పెట్టె కాలిపోతే కంపెనీ మెకానిక్ వస్తాడు, చూడగానే కనిపెడతాడు. కోశాక ఏసీ పగలంతా చక్కగా నడిచింది. ఆ కబురు ఎవరి ద్వారానో అత్తమ్మకు చేరింది. చూసినవా, నేనొచ్చినంక మంచిగైంది, అంది. అనుమానం కాస్తా రుజువైపోయింది. ఆ రుజువును కూడా నా కత్తే ఇచ్చింది.

తరువాత వదిన మామిడిపండ్లు కోసుకుని వచ్చేది. అత్తమ్మ ముట్టేది కాదు. మా కూలర్‌కు కరెంటు జెరంత కాలుతది, నీకెందుకు బిడ్డా భారం, అనేది. ఆ మాటకు అర్థం తెలియక వదిన మా వంటింట్లో నా భార్య భుజం మీద ఏడ్చేది. చివరికి ఎవరో అత్తమ్మ అనుమానం విడమరిచి చెప్పారట. షడ్డకుడు నన్ను షెడ్డు దగ్గర కలిసి, మేమెన్నడూ బంద్ చెయ్యలేదు తమ్మీ, నువ్వు చెప్తే నమ్ముతది, జెర చెప్పు, అని బతిమాలాడు. పెద్దల్లుడు నా ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. చెబుతానన్నాను. చెప్పలేదు. ముసలితనం, ఎవరి మాటా వినడం లేదని నాలుగు రోజులాగి ఆయనకు కబురు పంపాను.

ఎందుకు చెప్పలేదు? దొరికిపోతానని కొంత. ఆమె మళ్లీ వెళ్లిపోతుందని ఎక్కువ.

రెండో ఎండాకాలం ఆమె మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, ఆ చప్పుడు బంద్ చెయ్యి అంది. కూలర్ ఆపాను. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఆమె పెద్దకూతురి పేరు పిలిచింది. మళ్లీ పిలిచింది. పక్కనే చిన్నకూతురు ఉంది, పాదాల దగ్గర నేనున్నాను. నాకు ఏడుపు రావాలి కదా? నాకు అసూయ వచ్చింది. ఇంత చేసినా ఆమె నోట ఆ పేరే అనుకున్నాను. కబురు అంది వదిన ముత్తంగి నుంచి వచ్చేసరికి అత్తమ్మకు మాట పడిపోయింది. అమ్మ నన్ను పిలిచిందా అని వదిన అడిగింది. పిలిచిందని నా భార్య చెప్పింది. నేను బయటికి వెళ్లి నిలబడ్డాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ ఎండాకాలం వాళ్లు కొత్త ఏసీ పెట్టుకున్నారు. వదిన ఫోన్ చేసి రమ్మంది. వెళ్లాను. జాలీలు కడిగి నీడలో ఆరబెట్టాను. బయటి పెట్టె వెనక నుంచి నెమ్మదిగా నీళ్లు కొట్టి కడిగాను. కిందికి దిగి గదిలోకి వచ్చేసరికి ఆమె పాత కవరు మడత విప్పి పట్టుకుని నిలబడి ఉంది. ఉతికింది. వెనక నేను కోసిన చోట దారంతో దగ్గర దగ్గరగా, అందంగా కుట్టింది.

"ఇది వెనక ఎట్లనో చినిగింది మరిదీ. నేనే కుట్టిన. దీనికి సరిపోతదా సూడు. నీ కవరుతోనే పాతది అన్నేండ్లు నడిచింది."

కప్పొద్దని చెప్పాను. పైన మూరెడు ఎత్తున నీడ ఉంటే చాలు, నాలుగు పక్కలా గాలి ఆడాలి, వెనక వైపు అసలే మూయకూడదు అన్నాను.

"మరి దానికి నువ్వే కప్పినవ్ గద?"

ఆమె తల నెరిసింది. అచ్చం అత్తమ్మలాగే ఉంది. ముఖంలోకి అలాగే చూస్తోంది. మళ్లీ అదే గది, అదే మంచం. దేవుడు ఇంకొక్కసారి అవకాశం ఇచ్చాడని అనుకునేంత భక్తి నాకు లేదు, కానీ అవకాశం మాత్రం అదే.

"అప్పుడు తెల్వదు వదినా" అన్నాను.

"పోనీలే, నీకు తెల్వంది గూడ ఉన్నదన్నట్టు" అని నవ్వింది. చాయ్ పెట్టింది. తాగాను.

కవరు ఇక పనికిరాదని చెప్పి తెచ్చేసుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు బల్ల మీద నా ముందే ఉంది. ముందు నేను కోసిన గుండ్రని కిటికీ, వెనక ఆమె వేసిన కుట్లు. నా కుట్ల కంటే ఆమె కుట్లు బాగున్నాయి. అది కూడా చూశాను. చూడకుండా ఉండలేని బుద్ధి నాది.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు, ఆ హక్కు ఉన్నవాళ్లలో ఒకరు లేరు, ఒకరికి చెప్పే ధైర్యం నాకు లేదు. వదినకు చెప్పిన అబద్ధాన్ని ఇక్కడైనా సరిచేయనివ్వండి.

అప్పుడు నాకు తెలుసు. దబ్బనం గుచ్చిన ప్రతిసారీ తెలుసు.