త్రే అంటే తిరుగు

మొన్న మా మనవరాలు కోలాటం నేర్చుకొని వచ్చి, "అవ్వా, ఈ ఇటలీ కోపులో మూడో లెక్కకు ఒకసారి నిలబడి మళ్ళా తిరగమంటారెందుకు? ఏదో ఒకటి చేస్తే సరిపోదా?" అని అడిగింది. కోపు అంటే కోలాటంలో ఒక అడుగుల వరస. సరిపోదు తల్లీ అన్నాను. కారణం చెప్పబోయేసరికి అది వీధి మలుపు దాటిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను.

మాది కోడుమూరు పక్కన మగ్గాల ఊరు. పగలు మా వీధి పొడుగునా మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీసి గంజి పెట్టేవాళ్ళు. సాయంత్రం అవి చుట్టేశాక, ఆ పులిసిన గంజి వాసనలోనే మా జేజి, అంటే మా నాయనమ్మ, ఆడవాళ్ళను పోగేసి కోలాటం ఆడించేది. జేజికి నోరెక్కువ, మోకాళ్ళ నొప్పులు అంతకన్నా ఎక్కువ. ఆ నొప్పులకు మందు రాయడానికి మిషన్ ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చేది. ఇటలీ ఆమె. తెలుగు రోగుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి అచ్చం మా యాసే. ఒకరోజు ఆట చూసి, సంచీ అరుగు మీద పెట్టి కోలలందుకుంది.

"మా కొండ మీది ఊర్లో గూడా ఇట్లాంటి ఆట ఉండాది. ఊరోళ్ళంతా కూలికని సముద్రం దాటిపోయిరి. ఆడాలంటే ఎనిమిది మంది గావాల. నేను మరిస్తే ఇంక ఆ ఆట లేదు" అంది.

"ఏడుమంది మేముండాం. నువ్వు ఎనిమిదో దానివి. దానికేముండాదమ్మా?" అంది జేజి.

"ఊనో, దూయే, త్రే" అని ఆమె లెక్కపెట్టేది. వాళ్ళ భాషలో ఒకటి, రెండు, మూడు. మూడుకు కాలు నేలకు తాటించి కదలకుండా నిలబడాలి. మావాళ్ళకేమో త్రే అన్నది తిరుగు అని వినబడింది. ఏడుమందీ గిర్రున తిరిగారు. ఆమె తల పట్టుకుంటే, "తిరుగంటివి, తిరిగితిమి. మా తప్పు యాడుండాది?" అని జేజి ఎదురడిగింది. అర్థం తెలిసినాక కూడా ఆ కాళ్ళు మాట వినలేదు. చివరికి ఒకనాడు ఆమె కోలలు కింద పెట్టి ఏడ్చింది. "శానా బాగుండాది. అయితే ఇది మా ఊరి ఆట గాదు" అంది. జేజి ఆ మోకాళ్ళతోనే వంగి కింద పెట్టిన కోలలు తీసింది.

అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇటలీ మనల్నేలే తెల్లదొరల శత్రువుల పక్కన చేరిందన్నారు. మోకాళ్ళకు మందు రాసే మనిషి శత్రువెట్లయిందో మా వీధికి అర్థం కాలేదు. పోలీసులొచ్చి ఆమెను దూరాన ఏదో క్యాంపుకు తీసుకుపోయారు. ఆ సాయంత్రం నుంచే జేజి పట్టుబట్టింది. తిరిగినవాళ్ళ పిక్క మీద కోలతో ఒకటి పెట్టేది. ఆర్నెల్లకు ఏడుమందీ మూడుకు రాయిలాగా నిలబడ్డారు. ఎనిమిదో చోటు మాత్రం ఖాళీ. నేను నిలబడతానంటే, "అది ఆయమ్మ చోటు" అని కసిరింది. ఆ చోటు ఎదురైనవాళ్ళు గాలిలోనే కోల ఆడించి ముందుకు జరిగేవాళ్ళు.

యుద్ధం ముగిశాక, సొంత దేశానికి ఓడ ఎక్కేముందు, ఆమె ఒక్క పూట మా ఊరికొచ్చింది. జుట్టు సగం నెరిసిపోయింది. జేజి నేరుగా ఆమె చేతిలో కోలలు పెట్టింది. ఊనో, దూయే, త్రే. ఏడుమందీ కాలు తాటించి కదలకుండా నిలబడ్డారు. ఎనిమిదో మనిషి గిర్రున తిరిగింది.

"క్యాంపులో దినామూ ఒక్కదాన్నే ఆడుకుంటాంటి పెద్దమ్మా, మీరు తిరిగినట్లే" అంది ఆమె. జేజి ఆమె రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంకోసారి మొదట్నుంచి" అంది. ఈసారి త్రే దగ్గర ఎనిమిది మందీ నిలబడ్డారు, నిలబడి తిరిగారు.

వాళ్ళలో ఒక్కరూ ఇప్పుడు లేరు. ఎవరి కోసమూ ఆగని కాలం, మా వీధిలో ఆ మూడో లెక్క దగ్గర మాత్రం ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగి, వాళ్ళను చూసిపోతుంది.