కొంగు లేని ఏడుపు

నేను జహీరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. సిలబస్‌లో ఒక పాత విషాద నాటకం ఉంది. దాని చివర ముసలి రాజు చనిపోయిన కూతుర్ని చేతుల మీద మోసుకొస్తాడు. ఈ నాటకాన్ని చాలామంది సినిమాగా తీశారు. అదే దృశ్యాన్ని ఇద్దరు ఎట్లా తీశారో క్లాసులో చూపిద్దామని, ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

మొదటి సినిమాలో రాజు బురదలో కూలబడి, బిడ్డ ముఖం మీదికి వంగి గొంతు చించుకుంటాడు. ఆ అరుపుకు మా ఇంటి ముందు హైవే మీది లారీ హారన్లు కూడా నాకు వినిపించలేదు. నచ్చలేదు. రెండో సినిమాలో రాజు నోరు మెదపడు. బిడ్డను నేల మీద పడుకోబెట్టి, దూరంగా జరిగి నిలబడతాడంతే. నటన అంటే ఇదీ అని నోట్సులో రాసుకున్నాను.

రాసుకున్నాక ఒళ్లు మండింది. అట్లా నిలబడ్డ మనిషిని చూడడం నాకు కొత్త కాదు. అక్క డెంగీ జ్వరంతో దవాఖానలో పోయిన రోజు, ఆమెను వాకిట్లో పడుకోబెడితే, మా బాపు గోడకు ఆనుకుని నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు. కంట్లో చుక్క నీరు లేదు. అమ్మ శోకాల మధ్యలో ఆయన్ని కూడా తిట్టింది. వచ్చినవాళ్లేమో మగాడంటే అట్లుండాలని మెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఆయనకు చాయ్ ఇచ్చినా ముఖం చూసి ఇవ్వను. ఆయన గుండెలో అక్క ఉందో లేదో నాకు తెలియాలి. అడగడానికి నోరు రాదు.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషికి మధ్యాహ్నాలు గడవవు. బాపు కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చున్నాడు.

"ఏం సిన్మా బిడ్డా?"

"క్లాసుకు. రాజు బిడ్డ సచ్చిపోయింది. ఇంగ్లీషుల ఉన్నది, నీకు తెల్వదు."

"సావుకు ఇంగ్లీషేంది. పెట్టు."

రెండూ పెట్టాను. కదలకుండా చూశాడు.

"ఏది మంచిగుంది?" కొంచెం వెటకారంగానే అడిగాను.

"మొదటిదే."

"గంత లొల్లి జేసెటోడు నచ్చిండా నీకు?"

మొదటిది మళ్లీ పెట్టమని, రాజు బిడ్డ మీదికి వంగిన చోట ఆపమన్నాడు.

"సూడు, కండ్ల నీళ్లు బిడ్డ మొకం మీదనే పడుతున్నయ్. ఒక్కరన్న వద్దంటలేరు. ఆ దినం నేను మీ అక్క దగ్గరికి పోతుంటే మా అన్న జబ్బ వట్టి గుంజిండు. కండ్ల నీళ్లు మీద పడితే పిల్ల పోదు, ఇంటి సుట్టే తిరుగుతదన్నడు. దగ్గరికి పోతే ఆగవని దూరం నిలవడ్డ."

మా వైపు ఆ పట్టింపు ఉంది. అందుకే ఆడవాళ్లు కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని ఏడుస్తారు. మగవాళ్లకు కొంగు ఉండదు. ఆ సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు.

"మంచిదే జేసినవ్ బాపూ," అన్నాను. ఏమనాలో తెలియక అన్న మాట అది.

ఆయన తెర మీది రాజునే చూస్తున్నాడు.

"ఏం మంచి బిడ్డా. ఏడ్వాల్సుండె. ఇంటి సుట్టన్న తిరుగుతుండె."