సుగుణక్క అవిసె పొడి

ఈ ఉదయం మూకుడులో అవిసె గింజలు చిటపటలాడుతుంటే, ఆ వేగిన వాసనకు సుగుణక్క వచ్చి పక్కన నిలబడినట్టే అనిపించింది. నర్సింహులపేట దగ్గరి సబ్‌సెంటర్‌లో నేను నర్సుగా కొత్తగా చేరినప్పుడు ఆమె అక్కడి పెద్ద నర్సు. ఆమె సంచిలో మందుల మీద అవిసె పొడి డబ్బా ఉండేది. ఏ ఇంటికి వెళ్లినా అన్నంలో ఓ చెంచా కలిపి తినిపించి గానీ కదిలేది కాదు. "గింజలల్ల పీచు ఉంటది. పేగు సాఫుంటే క్యాన్సర్ జర దూరముంటదంటరు. గిది తిండి, మందు గాదు" అనేది. నేను తెలివైనదాన్ని కదా, మొదటి మాటలు నేర్చుకుని చివరి మాట వదిలేశాను.

జఫర్‌గఢ్‌లో మా బాపు కడుపు సరిగా లేదంటే, అన్నీ తెలిసినదానిలా డబ్బా నిండా పొడి పంపాను. నెల దాటినా తగ్గలేదన్నాడు. ఇంకో డబ్బా పంపాను. ఆ సంగతి గొప్పగా చెప్పగానే సుగుణక్క రాస్తున్న రిజిస్టరు మూసేసింది.

"నెత్తురు పడ్తున్నదా అని అడిగినవా?"

"బాపును గదెట్ల అడగాలె అక్కా?"

"ఊరందర్ని అడుగుతవు. మీ బాపు దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోయిందా?"

నాకు ఏడుపొచ్చింది. మరునాడే ఇద్దరం బస్సెక్కాం. ఇంటికి చేరగానే నన్ను చాయ పెట్టమని లోపలికి పంపి, బాపు మంచం పక్కన కూర్చుంది. "అన్నా, దొడ్డికి పోతే నెత్తురు పడ్తున్నదా?" అని ఆమె అడగడం నాకు వినిపించింది. చాయ పొంగిపోయాక గానీ బాపు నోరు విప్పలేదు. "పడ్తున్నది చెల్లె. మొలలనుకున్న. బిడ్డకెట్ల చెప్పాలె?"

వరంగల్ దవాఖానలో పెద్దపేగు క్యాన్సరని తేలింది. ఇంకా పాకలేదు కనుక ఆపరేషన్‌తో బయటపడ్డాడు. ఇంకొన్నాళ్లు నా పొడినే నమ్ముకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పాడు. సుగుణక్క మాత్రం మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆపరేషన్ రోజు దవాఖాన మెట్ల మీద, నా తలకు నూనె లేదని తిట్టి జడ వేసింది, అంతే. ఆమె అంటే నాకు ప్రాణం.

ఇప్పుడామె లేదు. పొడి నేనూ అందరికీ పెడుతున్నాను, కానీ కడుపు సంగతి ఎవరెత్తినా ముందు ఆమె ప్రశ్నే అడుగుతాను. ప్రతి ఆదివారం బాపుకు ఫోన్ చేసి అదే అడుగుతాను. వాకిట్లో ఎవరైనా ఉంటే, లోపలికి నడుస్తున్న చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. తలుపు వేసుకుని, గొంతు తగ్గించి చెబుతాడు.

"లేదు బిడ్డా."