ఐదువందల మందీ ఒక్క ఉత్తరమూ

మా మేనత్త ప్రూఫురీడరు. చర్చివాళ్ళ ప్రెస్‌లో ఇరవయ్యారేళ్ళుగా అదే కుర్చీ, అదే ఎర్ర పెన్ను. వెనకాల అందరూ ఆమెను "ఏదీ-చూపించు అత్త" అంటారు. ఎవరేం రాసుకొచ్చినా ఆమె నోట మొదట వచ్చేది ఆ మాటే మరి. ఆదివారం ఆరాధనకు అందరికన్నా ముందు వెళ్ళేదీ ఆమే. ఈ రెండూ ఒక మనిషిలో ఇమడవనుకునేవాళ్ళు మా అత్తను చూడలేదు.

ఆ ప్రెస్‌లో ఒక కట్టుబాటుంది. చివరి పేజీ వెనక ప్రూఫు చూసినవాళ్ళ సంతకం పడందే ఫోర్‌మన్ మిషను స్విచ్చి ముట్టడు.

మా పాస్టరు అయ్యగారు అద్భుతాలకు చారిత్రక ఆధారాలంటూ చిన్న పుస్తకం రాశారు. ప్రూఫు అత్త చేతికొచ్చిన మర్నాడే చర్చి సభలు, మూడు వేల కాపీలు కావాలి. పదకొండేళ్ళుగా అక్కడ కంపోజింగ్ చేసేది నేనే కాబట్టి ఇదీ నేనే చేశాను. అత్త తొమ్మిదో పేజీ దగ్గర ఆగింది.

"అయ్యగారూ, తిరిగి లేచిన ప్రభువును కళ్ళారా చూసిన ఐదువందల మంది సాక్ష్యాలు మన దగ్గరున్నాయని రాశారు. ఏవీ?"

"బైబిల్లో పౌలు ఉత్తరంలో ఉంది కదమ్మా."

"ఐదువందల మంది చూశారని పౌలు ఒక్కరే రాశారు. వాళ్ళలో ఒక్కరు రాసిన ముక్క కూడా మన దగ్గర లేదు. ఊరంతా చూసిందని మా పక్కింటావిడ చెబితే నా దగ్గరున్నది పక్కింటావిడ మాటే గానీ ఊరి మాట కాదు."

"ఆవిడ మాటయితే సగానికి సగం కొట్టెయ్యాలి" అన్నాడు ఫోర్‌మన్. అయ్యగారి మొహం చూసి మిగతా నవ్వు మింగేశాడు.

"అంటే పౌలు అబద్ధం రాశాడంటావా?"

"అనను. జరిగిన ఇరవై ఏళ్ళ పైచిలుకులోనే రాశారు. వాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారనీ రాశారు, కావాలంటే వెళ్ళి వాళ్ళనే అడగండన్నట్టు. దానికి బరువుంది. ఉన్న బరువే చెప్పండి, ఒక్క గింజ కూడా ఎక్కువొద్దు."

పదకొండో పేజీలో ఖాళీ సమాధిని మొదట చూసింది "శిష్యులు" అని ఉంది. ఎర్ర పెన్ను అక్కడా ఆగింది.

"ఆడవాళ్ళేరి?"

"ప్రభువును చూసినవాళ్ళని పౌలు రాసిన జాబితాలో వాళ్ళు లేరుగా."

"లేరు. అదీ దాచొద్దు. కానీ నాలుగు సువార్తల్లోనూ ముందు వెళ్ళింది ఆడవాళ్ళే. ఆ కాలంలో ఆడదాని సాక్ష్యానికి విలువ అంతంతమాత్రం. కథ అల్లేవాడైతే ఎవరో పెద్దమనిషిని పంపిస్తాడు గానీ మమ్మల్ని పంపిస్తాడా? మీ పుస్తకం మొత్తానికి గట్టి ఆధారం అదే. దాన్నే వదిలేశారు."

ఆనాటి మగశిష్యులు ఆ ఆడవాళ్ళ మాటను పిచ్చివాగుడన్నారు. ఇప్పుడు ఎవరూ అలా అనరు, మర్యాదగా వదిలేస్తారు.

ఫోర్‌మన్ గొంతు తగ్గించాడు. "అక్కా, చర్చి కమిటీవాళ్ళు ఫోన్ మీద ఫోన్. సంతకం పడకపోతే రేపటినుంచి నిన్ను రావద్దంటున్నారు."

మావయ్య మంచానపడి నాలుగేళ్ళు. ఇల్లు నడిచేది అత్త జీతం మీదే. అత్త పెన్నుకు మూత పెట్టింది.

"వద్దంటే రాను. లేనిదాన్ని ఉందని సంతకం పెట్టను."

అయ్యగారు ఆమెవైపు తిరిగి అన్నారు: "రోజూ మీ ఆయన కోసం ప్రార్థనలో అడుగుతున్నావే, అదీ అద్భుతమే కదమ్మా. ఇన్ని అనుమానాలతో ఎలా అడుగుతున్నావు?"

"ఇక్కడున్న అందరికన్నా అద్భుతం కావలసింది నాకే అయ్యగారూ. అందుకే కల్తీది వద్దంటున్నాను."

అయ్యగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆమె ఎర్ర పెన్నే అడిగి తీసుకుని రెండు పేజీలూ తిరగరాశారు. చివర్లో "రుజువైంది" అని పెడితే అత్త తల అడ్డంగా ఊపింది. దాన్ని కొట్టేసి "నమ్మడానికి కారణముంది" అని రాశారు.

నేను మళ్ళీ కంపోజ్ చేశాను. మిషను రెండు గంటలు ఆగింది. అత్త ఆయన చేతిరాత పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసింది. రెండు తప్పులు పట్టుకుని, "కళ్ళెక్కడ పెట్టుకున్నావే" అని నన్ను దులిపేసి, అప్పుడు సంతకం పెట్టింది. తిట్లు తిన్నది నేనే అయినా ఆ పూట ప్రెస్‌లో నాకన్నా తల పైకెత్తుకుని తిరిగినవాళ్ళు లేరు.