అక్క మాటకు తమ్ముడి తెలుగు

అరకు పైన కొండ మీది ఊరికి అంగన్‌వాడీ టీచరుగా వచ్చిన కొత్తలో నాకు తెలుగు తప్ప ముక్క రాదు. అక్కడ ఇళ్లలో మాట్లాడుకునేది ఒడియా. నాకది నేర్పింది పక్కింటి అక్క. ఆవిడకేమో తెలుగు రాదు. చేటలో చోళ్లు చెరుగుతూ ఒక్కో మాటా పలికించేది, నేను తప్పు పలికితే కడుపు పట్టుకుని నవ్వేది. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి పిల్లలందరినీ చంకనేసుకుని పెంచింది.

కొన్నేళ్లకు ఆ అక్కకు చూపు పోయింది. తర్వాత కాళ్లూ పట్టు తప్పాయి. తమ్ముడు ఆవిడను ఇంటి వెనక మేకల పాకలోకి మార్చాడు. ఓ రోజు సంత నుంచి వస్తూ తొంగి చూశాను. కాలికి తాడు కట్టి గుంజకు బిగించారు. తాడు ఒరిసి చీలమండ పుండు పడింది. గొంతు విని నన్ను గుర్తుపట్టి నీళ్లడిగింది. చెంబు ఖాళీ చేసి మళ్లీ అడిగింది.

నాకు ఒళ్లు మండిపోయింది. తమ్ముణ్ణి అక్కడే నిలదీశాను.

"ఏటి టీచరమ్మా, ఒగ్గేస్తే గెడ్డలో పడిపోద్ది. మేం పనికెల్లాలా, దీన్ని కాసుకుని కూసోవాలా?" అన్నాడు.

అదీ నిజమే, పాక వెనకే వాగు. మొగుడూ పెళ్లాలు కాఫీ తోటకు వెళ్తే చీకటి పడితే గాని రారు. అయితే మాత్రం, మనిషిని మేకలా కట్టేస్తారా? మండలం ఆఫీసుకు వెళ్లి, అక్కను వృద్ధాశ్రమానికి పంపండి, లేదా నా ఇంట్లో ఉంచనివ్వండి అని మొత్తుకున్నాను.

ఓ మేడమ్ వచ్చారు. వస్తున్నట్టు ముందే కబురు చేశారు మహాతల్లి! ఇంకేం, అక్క కొత్త చీరలో అరుగు మీద కూర్చుని ఉంది. చీర అంచు పుండును కప్పేసింది. ఊరంతా చుట్టూ చేరింది. మేడమ్‌కి ఒడియా రాదు. ఇంట్లో ఆడమనిషి తరఫున ఇంటి మగవాడే పలకడం ఇక్కడి పద్ధతి. తమ్ముడే ముందుకొచ్చాడు.

మేడమ్ అడిగారు. అక్క తలెత్తి తన భాషలో చెప్పింది, కాలు కోసుకుపోతోందని, దాహమని, టీచరు ఇంటికి పంపమని.

"బాగానే సూస్తన్నారంటందండి," అన్నాడు తమ్ముడు.

"ఛీ, నోరెలా వచ్చింది నీకు! ఆవిడన్నది అది కాదండీ!" అని అరిచాను.

"మీరు బంధువులా? కాదు కదా, కాస్త ఆగండి," అన్నారు మేడమ్.

అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఒడియా వచ్చు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ పూట నాకు ఊరి మీదే అసహ్యం పుట్టింది.

నేను ఊరుకోలేదు. కాళ్లరిగేలా తిరిగి, ఒడియా వచ్చిన నర్సమ్మను తోడుగా పెట్టి మేడమ్‌ని మళ్లీ రప్పించాను. ఈసారి తమ్ముణ్ణి వాకిలి అవతల నిలబెట్టారు. హమ్మయ్య అనుకుని అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నర్సమ్మ వంగి, మెల్లగా, అక్క భాషలోనే అడిగింది.

వాకిలి అవతల తమ్ముడు దగ్గాడు. అక్క ముఖం అటు తిరిగింది. నా చేతిలోంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇన్నేళ్లలో ఆవిడ నోట తెలుగు వినడం నాకదే మొదలు.

"బాగానే సూస్తన్నారండి."