నార్మల్ వచ్చినందుకు పదకొండు కొబ్బరికాయలు

నాలుగేళ్లుగా నాకు ఒళ్లంతా నొప్పులు. పొద్దున లేస్తే చేతివేళ్లు మడవడానికి రావు. నలుగురు డాక్టర్లు నాలుగు రకాలుగా చెప్పారు. నాలుగో ఆయన బాగా నిద్రపొమ్మన్నారు. ఈ రోజు జార్జి టౌన్‌లోని ల్యాబుకి వెళ్లి కొత్త రిపోర్టులు తెచ్చుకున్నాను. అన్నీ నార్మల్. సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు. కవరు బ్యాగులో పెట్టుకుని బస్సెక్కాను.

రిపోర్టు నార్మల్ వస్తే పదకొండు కొబ్బరికాయలు కొట్టిస్తానని మా అత్త మొక్కుకుంది. ఫోనులో విషయం విన్న వెంటనే, నేను తొండియార్‌పేటలో ఇల్లు చేరేలోపే, వీధి చివరున్న పిళ్లయార్ గుడిలో, అదే వినాయకుడి గుడిలో, అన్నీ కొట్టించేసింది. చిప్పలు సంచీలో తెచ్చి, తురుముపీట నా ముందు పెట్టింది.

"తురుము మే. బర్ఫీ చేసి ఈడ అందరికీ పంచుదాం. నీకేం లేదని తేలిపోయింది కదా."

రెండో చిప్పకే చెయ్యి బిగుసుకుపోయింది. చిప్ప జారి నేల మీద దొర్లింది. అత్త దాన్ని తీసి కడిగింది. తర్వాత నన్ను లేపి, తనే పీట మీద కూర్చుంది. మిగతావన్నీ తురిమేదాకా తలెత్తలేదు.

"తప్పుగా మొక్కుకుంటి మే," అంది చివరికి. "ఇంకోతూరి రిపోర్టులో ఏదో ఒకటి కనపడాలని మొక్కుకుంటా."

బర్ఫీ బాగానే కుదిరింది. తీసుకెళ్లి ఇస్తే పక్కింటావిడ ఏం విశేషమని అడిగింది. మీరైతే ఏం చెప్పేవాళ్లు?