ఎయిర్‌పోర్ట్ వైపు లాగే కారు

మా పాత కారుకి ఎయిర్‌పోర్ట్ దారి తెలుసు. డెట్రాయిట్ పక్కన మేముండే నోవైలో ఎవరింట్లో పాట్‌లక్ జరిగినా, తలా ఒక వంట తెచ్చుకుని తినేచోట, ఈ కథ చెప్పేవాణ్ణి. నాకంటే ముందు దాన్ని నడిపిన ఇద్దరూ వీసా పోయి ఇండియా వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ తాళం తర్వాతివాడి చేతిలో పెట్టారు. దాంతో కారుకి ఆ దారి అలవాటైపోయిందనీ, హైవే మీద చెయ్యి వదిలితే కుడివైపు జరిగి ఎయిర్‌పోర్ట్ ఎగ్జిట్ పట్టుకుంటుందనీ, ఒకసారి నేను కునుకు తీసి లేచేసరికి డిపార్చర్స్ ముందు నిలబడి ఉందనీ చెప్పేవాణ్ణి. అందరూ నవ్వేవారు. మా ఆవిడ మాత్రం, "అపశకునం మాటలు ఆపండి," అనేది.

రెండు వేల తొమ్మిది చలికాలంలో, డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలు మనుషుల్ని వరసగా ఇళ్లకు పంపుతున్నప్పుడు, నా ఉద్యోగమూ పోయింది. ఉద్యోగం పోతే వీసా పోయినట్టే. ఎక్కడెక్కడో అప్లై చేయగా చేయగా ఒహాయోలో ఒక్క ఇంటర్వ్యూ దొరికింది, సోమవారం పొద్దున. అది తప్పితే ఇక సామాను సర్దుకోవడమే.

సరిగ్గా అప్పుడే స్టీరింగ్ గడగడలాడటం మొదలైంది. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రాన్ని తోసే కడ్డీ ఒకటి ఉంటుంది. దాని చివరి కీలు, టై రాడ్ ఎండ్ అంటారు, అరిగి ఊగుతోంది. హైవే మీద అది ఊడితే చక్రం దారి చక్రానిది, మన దారి మనది. రిపేరు షాపులో బుధవారం దాకా ఖాళీ లేదు. మా వీధిలోనే ఉండే వరంగల్ మిత్రుడు ఆదివారం తన గరాజ్ తెరిచాడు.

"పరేషాన్ గాకు అన్నా. ఇద్దరం ఇంజనీర్లమే గదా."

"నేను కోడింగ్, నువ్వు టెస్టింగ్."

"అదే అంటున్న. నువ్వు ఖరాబ్ చెయ్యి, నేను కనిపెడత."

"దానికంటే నీ కారే ఒక పూట ఇవ్వచ్చుగా."

"మండే నేను ఆఫీస్‌ల కనబడకపోతే, ట్యూస్‌డే నుంచి ఇద్దరం కలిసి అప్లై చెయ్యాలె."

పాత కీలు ఊడదీసే ముందు, అది కడ్డీ మీది మర చుట్లలో ఎంతదాకా ఎక్కి ఉందో గుర్తు పెట్టుకోవాలి. కొత్తది అక్కడికే బిగిస్తేనే చక్రం నేరుగా చూస్తుంది. చేతికి మార్కర్ దొరకలేదు. డాష్‌బోర్డ్ మీది వినాయకుడి దగ్గర కుంకుమ ఉంటే, నూనెలో తడిపి ఒక చుక్క పెట్టాను. పాతది ఊడదీసేసరికి చలికి వేళ్లు మొద్దుబారాయి. టీ తాగుదామని లోపలికి వెళ్లాం.

తిరిగి వచ్చేసరికి, పని ఎంతదాకా వచ్చిందో చూద్దామని గరాజ్‌కి వచ్చిన మా ఆవిడ కొత్త కీలుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. కొత్త సామాను బొట్టు లేకుండా ఎలా బిగిస్తారని. పనిలో పనిగా కడ్డీకి కూడా పెట్టింది, పొడుగునా.

ఇద్దరం వంగి చూశాం.

"అన్నా, ఇందుల మనది ఏది?"

"ఇదే అనుకుంటా."

"ఊహూ, దాని పక్కది. వదినా, నువ్వు ఏడికెళ్లి మొదలువెట్టినవ్?"

"అప్పటికే ఒకటుంది కదా తమ్ముడూ. ఒక్కటే పెట్టి వదిలేశారేమిటా అని మిగతావి నేను పెట్టాను."

సంగతి చెప్పాక ఆమె ముఖం చూడలేకపోయాను. మధ్యలో ఉన్న బొట్టు దాకా బిగించాం.

సోమవారం స్టీరింగ్ వంకరగా పట్టుకుంటే తప్ప కారు నేరుగా వెళ్లలేదు. ఒహాయో సరిహద్దు దగ్గరి టోలెడో ఇంకా రాకముందే, రోడ్డు మీద గడ్డకట్టిన మంచు పొర తగిలి గిర్రున తిరిగి, పక్కనున్న మంచు గుట్టలో దిగబడింది. నాకేమీ కాలేదు. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్లకి ఫోన్ చేస్తే అవతలామె ఎంతో మర్యాదగా, క్షేమంగా ఇంటికి వెళ్లమంది, మళ్లీ పిలుస్తామంది. టో ట్రక్ వచ్చేదాకా అందులోనే కూర్చుని, ఇంట్లో దీన్ని ఏ కథగా చెప్పాలా అని ఆలోచించాను. ఒక్కటీ తోచలేదు.

వాళ్లు పిలవలేదు. బుధవారం షాపువాళ్లు చక్రాలు సరిచేశారు.

వెళ్లిపోయే రోజు, కారు వెనక్కి తీసుకెళ్లడానికి మిత్రుడు నా పక్కన కూర్చున్నాడు. మా ఆవిడ వెనక సీట్లో సూట్‌కేసుల మధ్య ఇరుక్కుంది.

"అన్నా, ఒక్కసారి చెయ్యి వదిలి చూడు," అన్నాడు, నన్ను నవ్వించాలని.

వదిలాను. కారు గీత గీసినట్టు నేరుగా పోతోంది. ఎయిర్‌పోర్ట్ ఎగ్జిట్ బోర్డు వచ్చింది. అది అటువైపు కొంచెం కూడా జరగలేదు.

"ఏవండీ, దాటిపోతోంది," అంది మా ఆవిడ మెల్లగా.

స్టీరింగ్ పట్టుకుని నేనే కుడివైపు తిప్పాను.